పన్నెండో నిమిషం

షెడ్డు మేస్త్రి లారీ బానెట్ ఎత్తలేదు. ఆ సంగతి కోడలు తప్ప ఇంకెవరూ గమనించలేదు.

మంగళవారం పొద్దున ఆయన వచ్చి, ఇంటి ముందు రోడ్డు వారగా నిలబెట్టిన లారీ పక్కన చేతులు కట్టుకుని, "ఏదీ, ఓసారి స్టార్ట్ చెయ్యండి" అన్నాడు. ఆమె భర్త ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను దగ్గి, నల్లగా పొగ వదిలి, అందుకుంది. మేస్త్రి బుంగమీసాల చివర్లు మెలేసుకుంటూ విన్నాడు. ఫోనొస్తే మాట్లాడాడు. మళ్ళీ విన్నాడు. కాసేపటికి ఇంజను గొంతు సన్నబడింది. లారీ రెండుసార్లు వణికి ఆగిపోయింది.

"అయిపోయింది పెద్దాయనా. లోపల అంతా అరిగిపోయింది. దీని మీద ఇంక చెయ్యి పెట్టడం దండగ. శనివారం గొలుసు పట్టుకొస్తా, పాత ఇనుము కింద నేనే తీసుకెళ్తా" అన్నాడు మేస్త్రి.

మామగారు చేతికర్ర మీద బరువంతా వేసి నిలబడి ఉన్నాడు. ఆయన మేస్త్రి వైపు చూడలేదు. కొడుకు వైపు తిరిగాడు.

"ఇరవై రెండేళ్ళు నడిపాను దీన్ని. ఎన్ని ఇళ్ళ సామాన్లు మోశానో నాకే లెక్క తెలీదు. ఒక్కనాడు, ఒక్కనాడు దారిలో నిలబెట్టలేదు నన్ను. వీడి చేతిలో పెట్టి ఆరు నెలలు కాలేదు, చంపేశాడు."

ఎదురింటావిడ బట్టలు ఆరెయ్యడం ఆపి మేడ మీంచి తొంగిచూసింది. సైకిలు మీద పోతున్న ఇద్దరు కాలు నేల మీద ఆనించి ఆగారు. నలభై ఏళ్ళవాడు, తన భర్త, అరచేతిలో తాళంచెవి పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అతని మెడ వెనక భాగం ఎర్రబడడం ఆమె గుమ్మంలోంచి చూసింది. తాళంచెవి తండ్రికి ఇచ్చేసి లోపలికి వెళ్ళి, మొహం కడుక్కునే నెపంతో చాలాసేపు కుళాయి దగ్గర ఉండిపోయాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె ఉండబట్టలేకపోయింది.

"మామయ్యా, ఆయన బానెట్ ఎత్తి చూడలేదు."

"ముప్పై ఏళ్ళ మేస్త్రి. వింటే చాలు, తెలిసిపోతుంది."

"నేనూ పదిహేనేళ్ళుగా కుడుతున్నాను. టేపు పెట్టకుండా ఎవరి గుడ్డ మీదా కత్తెర వెయ్యను."

అత్తగారు ఫక్కున నవ్వి, మొగుడి మొహం చూసి నవ్వు మింగేసింది. భర్త తల ఎత్తకుండా, "నీకెందుకిప్పుడు? రేపట్నుంచి నేను గోడౌనులో మూటలెత్తడానికి వెళ్తున్నాను. మాట్లాడేసుకున్నాను. ఇంక ఆ బండి ఊసు వద్దు" అన్నాడు.

"లారీ గురించి నీకేం తెలుసే?" అన్నాడు మామగారు. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడు.

"ఏమీ తెలీదు. కుట్టుమిషనుకి నూనె వెయ్యడం, సూది మార్చడం, అంతే. మీకు తెలుసు కదా. మీరు చెప్పండి, నేను చేస్తాను. శనివారం దాకా అది ఎలాగూ మన గుమ్మంలోనే ఉంటుంది."

ఆయన తన చేతులు చూసుకున్నాడు. ఏడాదిగా ఆ చేతులు ఆయన మాట వినడం మానేశాయి. చెంచా పట్టుకుంటే కంచానికి తగిలి టకటకమని మోగుతుంది. అందుకే స్టీరింగు కొడుక్కి ఇవ్వాల్సొచ్చింది. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. కానీ బుధవారం పొద్దున ఆమె లేచేసరికి, లారీ ముందు ప్లాస్టిక్ కుర్చీ, దాని పక్కన పనిముట్ల పెట్టె కనిపించాయి. వణికే చేతులతో అంత బరువు పెట్టెను అక్కడిదాకా ఎలా ఈడ్చుకెళ్ళాడో తెలీదు.

"పధ్నాలుగో నంబరు పానా తియ్యి" అన్నాడు కుర్చీలో కూర్చుని. "అది పధ్నాలుగు కాదు. పదిహేడు. దాని మీద రాసుంటుంది, చదువుకోలేదా?"

ఆమె, భర్త పాత చొక్కా తొడుక్కుని, జుట్టు ముడేసి, టైరు మీదకెక్కి బానెట్లోకి వంగింది. లోపల ఒక ఊరికి ఊరు ఉన్నట్టు కనిపించింది. గొట్టాలు, తీగలు, జిడ్డు పట్టిన ముద్దలు, వాటి మధ్యలోంచి ఎక్కడికో పోయే ఇంకొన్ని గొట్టాలు. ఆయన కర్ర చివరతో చూపిస్తూ, "ఆ నిలువు డబ్బా ఫిల్టరు. దాని నెత్తిన చిన్న స్క్రూ. అది వదులు చెయ్యి" అన్నాడు. ఆమె పానా తగిలించి బలమంతా పెట్టి తోసింది. పానా జారింది. వేలి కణుపులు ఇనుముకి కొట్టుకుని తోలు లేచింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"తోయకు. లాగు. పానా ఎప్పుడూ నీ వైపుకి లాగాలి. తోస్తే అది జారిన రోజున చేతికి దిక్కుండదు."

"ఇది ముందే చెప్పొచ్చుగా మామయ్యా!"

"చెబితే మర్చిపోయేదానివి. ఇప్పుడు మర్చిపోవు."

ఆ మాట ఆమెకు నచ్చలేదు కానీ నిజమే అనిపించింది. కణుపులకు గుడ్డ పీలిక చుట్టుకుని మళ్ళీ ఎక్కింది. ఈసారి లాగింది. స్క్రూ కిర్రుమని కదిలింది. ఫిల్టరు కిందున్న చేతిపంపు నొక్కుతుంటే స్క్రూ సందులోంచి సబ్బునురుగులాంటి డీజిలు పొంగింది. "అది గాలి. బుడగలు పోయేదాకా నొక్కు. ఒట్టి డీజిలు వస్తున్నప్పుడు, నొక్కుతూనే బిగించు. రెండు చేతులకీ రెండు పనులు. మిషను తొక్కుతూ గుడ్డ తిప్పుతావుగా, అలాగ."

అత్తగారు కాఫీ గ్లాసులు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది. "నా సవతికి బాగా సేవ చేస్తున్నావే. ఇరవై రెండేళ్ళు ముందు దానికి కడుపు నింపి, తర్వాతే నా మొహం చూశాడు ఈయన. అది పోతే పండగ చేసుకుందామనుకుంటుంటే మధ్యలో నువ్వొకత్తివి!"

"వాసన పీల్చకు, తల తిరుగుతుంది. లోపలికి పో" అన్నాడు మామగారు. అత్తగారు పోలేదు. మెట్టు మీద చతికిలబడి కాఫీ తాగుతూ చూసింది.

పదకొండు గంటలకు ఆమె జీవితంలో మొదటిసారి లారీ డ్రైవరు సీటులో కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజను ఒక్క ఉదుటున లేచింది. ఆ అదురు సీటులోంచి వెన్నులోకి, పళ్ళలోకి పాకింది. కిందకి దూకి నిలబడి, తనకే తెలీకుండా మామగారి వైపు చూసి నవ్వింది. ఆయన వేలు పైకెత్తి, ఆగమన్నట్టు చూపించి, వింటూ ఉన్నాడు.

పన్నెండో నిమిషంలో ఇంజను గొంతు సన్నబడి ఆగిపోయింది.

కొలతలు రాసుకోవడం ఆమెకు అలవాటు. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకొచ్చి లారీ తలుపు మీద "12" అని రాసింది. సాయంత్రంలోగా దాని కింద పదకొండు, పదమూడు, పన్నెండు చేరాయి.

గురువారమంతా పని ఆయన కర్రతో నేల మీద గీసిన బొమ్మ ప్రకారం నడిచింది. "ఇది ట్యాంకు. ఇక్కణ్ణుంచి గొట్టం. ఇది చిన్న పంపు, లాగుతుంది. ఇది ఫిల్టరు, వడగడుతుంది. ఇది పెద్ద పంపు, ఇంజన్లోకి కొడుతుంది. డీజిలు పోయే దారి ఇదీ. దారిలో ఎక్కడో ఎవడో అడ్డం పడుకున్నాడు. వాణ్ణి పట్టుకోవాలి." బొమ్మ వంకరటింకరగా వచ్చింది. కర్ర వణికినచోటల్లా గొట్టానికి మెలికలు పడ్డాయి. ఆమె ఆ మెలికలు కూడా నిజమేననుకుని లారీ కింద దూరి వెతికింది. విషయం తెలిశాక ఆయన చాలాసేపు నవ్వాడు. ఆయన నవ్వగా విని ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

చిన్న పంపు విప్పితే లోపలి జల్లెడలో ముక్కుపొడుంలాంటి మడ్డి. కడిగింది. రాగి వాషర్లు అరిగితే కొత్తవి వేసింది. గొట్టం విప్పి నోటితో ఊదింది. నాలుక మీద డీజిలు రుచి రాత్రి అన్నం దాకా పోలేదు. వెల్లకిలా పడుకుని పనిచేస్తుంటే కళ్ళలో తుప్పు పడింది. ఒక్కొక్కటీ బాగుచేసినప్పుడల్లా ఆయన "ఊఁ, ఇదే అయ్యుంటుంది" అనేవాడు. ప్రతిసారీ లారీ పన్నెండో నిమిషంలో ఆగేది. తలుపు మీద అంకెలు పెరిగాయి. వాటి మధ్యలో ఒక్కచోట మాత్రం ఇరవై ఐదు ఉంది. ఆ ఒక్కసారి ఇంజను దానంతటది ఆగలేదు. కుట్టిన బట్టలకోసం మనిషొస్తే తనే ఆపింది. ఎందుకలా అయిందో ఆయనకూ అంతుపట్టలేదు.

సాయంకాలం భర్త గోడౌను నుంచి వచ్చాడు. భుజాల మీద గోనెపీచు, చొక్కాకు పిండి. తలుపు మీద అంకెలు చదివి అక్కడే ఆగిపోయాడు.

"దారిలోనూ అంతే. ఆగాక పది నిమిషాలు ఊరికే కూర్చుంటే మళ్ళీ లేచేది. నేను ఏమీ చేసేవాణ్ణి కాదు. ఊరికే కూర్చునేవాణ్ణి" అన్నాడు మెల్లగా.

"మామయ్యకి చెప్పలేదా?"

"చెప్పాను. క్లచ్చి తొక్కడం రానివాడికి అలాగే ఆగుతుందన్నాడు." అతను అంకెల మీద వేలు పెట్టి కిందకి జరుపుకుంటూ పోయాడు. "కొన్నాళ్ళకి నాకూ అలాగే అనిపించింది. నాకే చేతకాదేమోనని."

ఆమె దగ్గరకొచ్చింది. అతని భుజం మీది గోనెపీచు ఒక్కొక్కటే ఏరి కింద పడేసింది.

శుక్రవారం పొద్దున మామగారు కుర్చీలోకి రాలేదు. "చాల్లే అమ్మాయ్. మేస్త్రి చెప్పిందే నిజమయ్యుంటుంది" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారు కొత్త నూనె డబ్బా ముందు పెట్టుకుని, మూత మీద మేకు ఆనించి రోకలితో కొడుతోంది. ఒక కన్నం పడింది. వంచితే నూనె గుటకలు గుటకలుగా నాలుగు చుక్కలు కారి ఆగిపోయింది.

"రాదెందుకత్తయ్యా?"

"ఒక్క కన్నానికి ఎలా వస్తుందే? లోపలికి గాలి పోవద్దూ?" అంటూ అత్తగారు అవతలి అంచున రెండో కన్నం పొడిచింది. నూనె సన్నటి దారంలా, ఆగకుండా దిగింది.

కోడలు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇరవై ఐదు నిమిషాలు నడిచిన ఆ ఒక్కసారి, స్టార్ట్ చేసేముందు ఆమె ట్యాంకులో డీజిలు ఎంతుందో పుల్ల పెట్టి చూసింది. మూత తిరిగి పెట్టడం మర్చిపోయి మడ్‌గార్డు మీద వదిలేసింది.

"గిన్నె వంచేశావ్! నూనె పోతోంది, నూనె!" అని అత్తగారు కేకేసేలోగా ఆమె వీధిలో ఉంది.

మూత గట్టిగా బిగించి లారీ స్టార్ట్ చేసింది. పదకొండు నిమిషాలు. ఇంజను గొంతు సన్నబడడం మొదలవగానే ట్యాంకు దగ్గరకు పరిగెత్తి మూత తిప్పింది. ట్యాంకు సుయ్యిమని, నీళ్ళలోంచి పైకి తేలిన మనిషిలా, పొడుగ్గా ఊపిరి పీల్చుకుంది. ఇంజను ఒకసారి తడబడింది. మళ్ళీ గొంతు సవరించుకుంది. నడిచింది. నడుస్తూనే ఉంది. ఆమె ఒంటరిగా రోడ్డు మీద నిలబడి, మూత గుండెకు హత్తుకుని, పైకే నవ్వింది. తను కనిపెట్టింది. ఎవరూ కర్రతో చూపించలేదు.

తర్వాత మూత తిరగేసి చూసింది.

లోపల రబ్బరు ట్యూబు ముక్కతో చేసిన మందపాటి వాషరు ఉంది. గాలి లోపలికి పోవడానికి మూతలో ఉన్న చిన్న కన్నాన్ని అది కప్పేసింది. రానురాను వేడికి మెత్తబడి, పిండిలా అతుక్కుపోయి ఉంది. అంచు చేత్తో కత్తిరించింది. ఆ కత్తిరింపు చూడగానే ఆమెకు అంతా గుర్తొచ్చింది. కిందటి వానాకాలం ట్యాంకులోకి నీళ్ళు దిగుతున్నాయని మామగారు వసారాలో కూర్చుని, ఆమె గుడ్డల కత్తెరతో ట్యూబు కోశాడు. కత్తెర మొద్దుబారిందని తను రెండు రోజులు ముభావంగా ఉంది. ఆ తర్వాత నెల తిరక్కుండానే చేతులు బాగా వణుకుతున్నాయని ఆయన స్టీరింగు కొడుక్కి ఇచ్చాడు.

ఆమె నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఆ రబ్బరు ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడు దారిలో ఆగలేదని పదిమందిలో చెప్పుకున్న మనిషి. ఆ బండి తప్ప గొప్పగా చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలని మనిషి. అవతల, తనకే చేతకాదేమోనని నెలల తరబడి నమ్ముతున్న ఇంకో మనిషి.

కొత్త రబ్బరు తెచ్చి వాషరు కోసింది. బెల్టులకు కన్నాలు వేసే పంచ్‌తో, మూత కన్నానికి సరిగ్గా ఎదురుగా ఒక కన్నం పొడిచింది. మూత బిగించింది. పన్నెండు దాటింది. ఇరవై దాటింది. నలభయ్యో నిమిషంలో మామగారు లుంగీ సర్దుకుంటూ, కర్ర కూడా లేకుండా గుమ్మంలోకి వచ్చాడు.

"ఆగలేదే!"

"ఆగలేదు మామయ్యా."

"ఏం చేశావ్?"

"జల్లెడలో మట్టి. నిన్న నేనే సరిగ్గా కడగలేదు" అంది ఆమె, ఆయన కళ్ళలోకి చూడకుండా.

ఆయన "ఊఁ" అన్నాడు. ఇంజను మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఇంజను అదురులో ఆయన చేతి వణుకు కలిసిపోయి కనిపించకుండా పోయింది.

శనివారం చెప్పిన వేళకే మేస్త్రి గొలుసుతో వచ్చాడు. భర్త గోడౌనుకు బయల్దేరబోతూ చెప్పుల్లో కాళ్ళు పెడుతున్నాడు. ఎదురింటావిడ ఆ రోజూ మేడ మీదే ఉంది. కోడలు ఎక్కి తాళం తిప్పింది. మేస్త్రి మొదట నవ్వాడు. కాసేపటికి నవ్వు తగ్గించాడు. పావుగంట గడిచాక గొలుసు కింద పెట్టేశాడు.

"ఇదెలా లేచిందమ్మా?" అన్నాడు. "మొన్న విన్నప్పుడు..."

"జల్లెడలో మట్టండీ. కడిగాను."

"అబద్ధం" అన్నాడు మామగారు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన ట్యాంకు దగ్గర నిలబడి ఉన్నాడు. మూత చేతిలో ఉంది. తెల్లవారకముందే లేచి, ఈ వణికే వేళ్ళతోనే దాన్ని ఊడదీసి చూశాడని ఆమెకు అప్పుడర్థమైంది.

"ఇందులో నేనొక వాషరు వేశాను. కన్నం లేని వాషరు. బండికి గొంతు నులిమింది నేను. ఈ అమ్మాయి అది కనిపెట్టి, కన్నం పెట్టి కొత్తది వేసింది. అడిగితే మట్టంది. పైగా తనే కడగలేదని నేరం నెత్తిన వేసుకుంది." ఆయన గొంతు పెద్దదైంది. మేడ మీదకు వినపడాలనే అలా మాట్లాడుతున్నాడు. "ఏమ్మా, తప్పు చెయ్యనివాణ్ణి ఒకణ్ణి మంగళవారం ఇక్కడే, ఈ రోడ్డు మీదే నిలబెట్టాను. ఇవాళ నిన్నూ నిలబెట్టమంటావా?"

ఆమె కణుపులకు చుట్టిన గుడ్డ పీలిక కొసను మెలిపెట్టింది.

"మెకానిక్కు బండి రోగం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఎవడి మొహం చూసీ దాచకూడదు. అది నేర్పడం మర్చిపోయాను నీకు." అని కొడుకు వైపు తిరిగాడు. మాట వెతుక్కున్నాడు. "ఒరేయ్. నీ క్లచ్చి బానే ఉందిరా. మొదట్నుంచీ బానే ఉంది."

కొడుకు చెప్పులు వేసుకోవడం మధ్యలో ఆపి, ఒంటికాలి మీద అలాగే ఉండిపోయాడు. "ఇప్పుడేంటి నాన్నా అవన్నీ" అన్నాడు.

మేస్త్రి మీసాలు సవరించుకుని, "నిజానికి నేనూ పైపైనే చూశాను పెద్దాయనా. మీరు అయిపోయిందన్న మొహం పెట్టుకుని నిలబడ్డారు. నేనూ అదే అన్నాను" అని గొణిగి, గొలుసు భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ కోడలి ముందు ఆగాడు. కన్నం దేనితో పొడిచావమ్మా అని అడిగి, ఆమె చెప్పింది శ్రద్ధగా విన్నాడు.

"పద, ఓసారి తిరిగొద్దాం" అన్నాడు మామగారు కొడుకుతో. "నువ్వు నడుపు."

ఆయన లారీ ఎడమ వైపుకు వెళ్ళి తలుపు పిడి కిందకు నొక్కాడు. రాలేదు. లాగాడు. రాలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ వైపు తలుపు ఆయన బయటనుంచి ఎప్పుడూ తెరవలేదు. "పైకెత్తాలి మామయ్యా" అని ఆమె తెరిచి, నడుము పట్టి ఎక్కించింది. ఆమె వెనక్కి తగ్గబోతే, "నువ్వెక్కడికి? మెకానిక్కు లేకుండా బండి బయల్దేరుతుందా?" అన్నాడు. ఆమె ఇద్దరి మధ్యా సర్దుకుని కూర్చుంది. "అయితే కూర నేనొక్కదాన్నే వండుకోవాలన్నమాట" అని అత్తగారు గుమ్మంలోంచి కేకేసింది. ఆవిడ కోపం నటించింది కానీ, గొంతులో సంతోషం దాగలేదు.

వీధి దాటి పెద్ద రోడ్డెక్కారు. మొదట్లో భర్త గేరు మార్చినప్పుడల్లా మామగారి ఎడమ కాలు, అక్కడ లేని క్లచ్చిని తొక్కడం ఆమె చూసింది. భర్త కూడా చూశాడు. చూడనట్టే నడిపాడు. మార్కెట్టు దాటారు, బడి దాటారు. కొంత దూరం పోయాక ఆ కాలు నెమ్మదించింది. వంతెన ఎక్కే దగ్గరకు వచ్చేసరికి ఆయన తల కిటికీకి ఆనించి, చేతులు ఒళ్ళో వదిలేసి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఎత్తు మొదలైంది. ఇంజను బరువుగా లాగడం ఆమె అరికాళ్ళకు తెలిసింది. నాలుగు రోజుల కిందట అది ఒట్టి చప్పుడు. ఇప్పుడందులో ఏది ఏం చేస్తోందో వేరువేరుగా వినిపిస్తోంది.

"గేరు తగ్గించండి. ఆయాసపడుతోంది" అంది, మామగారు లేవకుండా గుసగుసగా.

భర్త రోడ్డు మీంచి చూపు తిప్పకుండా నవ్వాడు.

"అలాగే మేస్త్రీ" అన్నాడు.